గొంతు బాగాలేదు

మా వైపు దావత్‌లో మటన్ బకెట్ దగ్గరికి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే పద్ధతి ఒకటి ఉంది. నోరు "వద్దు వద్దు" అంటూనే ఉంటుంది, వేళ్ల మధ్య మాత్రం రెండు ముక్కలు, కాస్త షోర్వా జారేంత సందు వదులుతాం. వడ్డించేవాడికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాణ్ని వడ్డనకు పెట్టరు.

పాట విషయంలోనూ ఇదే పద్ధతి అనుకొని బతికినవాణ్ని నేను. మొదటిసారి అడిగితే "గొంతు బాగాలేదు" అనాలి. రెండోసారికి "ఇప్పుడెందుకులే" అని నసగాలి. మూడోసారి ఎవరో ఒకరు రెక్క పట్టి లేపితే, తప్పక లేచినట్టు లేచి, నాలుగు పద్యాలకు తక్కువ కాకుండా పాడాలి.

పోయిన నెల హనుమకొండలో మా మేనల్లుడి కొడుకు మొదటి పుట్టినరోజు. ఇల్లు వేయిస్తంభాల గుడికి దగ్గరే. మేడ మీద షామియానా, కుర్చీలు, మైకు. మైకు ఉంటుందని పది రోజుల ముందే కూపీ లాగాను. చిన్ని కృష్ణుడు మన్ను తిననే లేదని తల్లిని దబాయించే పోతన పద్యం సందర్భానికి సరిపోతుందని బాత్‌రూంలో తెగ సాధన చేశాను. మా బాత్‌రూంలో నాకంటే బాగా పాడేవాడు కాజీపేట మొత్తంలో లేడు.

పాలకుర్తి దగ్గరి బమ్మెరలో సేద్యం చేసుకుంటూ భాగవతం రాసి, దాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్నాడని పోతన గురించి మేం గొప్పగా చెప్పుకుంటాం. ఆయన పద్యంతో చప్పట్లు కొట్టించుకుందామని నేను ఇస్త్రీ లాల్చీ వేసుకొని, అంత ఎండలో మెడకు కండువా చుట్టుకొని బయలుదేరాను. ఆ మాటకొస్తే గొప్ప చాటుకోవడం మా ఊరికి కొత్తేమీ కాదు. వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు 1163లో తన విజయాలన్నీ శాసనంగా రాతి మీద చెక్కించి అక్కడే పెట్టించాడు. నాకు మైకు చాలు.

మెట్ల దగ్గరే మేనల్లుడు ఎదురొచ్చి, "మామా, ఇయ్యాల ఒక్క పద్యమన్న పాడాలె" అన్నాడు. లోపల గుండె గంతులేసింది. పైకి మాత్రం కండువా సర్దుకొని, చిన్నగా దగ్గి, "ఏడ పాడుత బిడ్డా, గొంతు బాగలేదు" అన్నాను.

పక్కనే అతని భార్య ఉంది. మంచి పిల్ల. అన్న మాటను అన్నట్టే నమ్ముతుంది. చుట్టాల్లో ఇంతకంటే ప్రమాదకరమైన మనిషి ఉండదు. "అయ్యో మామయ్యా, కండువ చూడంగనే అనుకున్న" అని లోపలికి పోయి ఉప్పు వేసిన వేడినీళ్లు తెచ్చింది. అంతమంది ముందు వాష్‌బేసిన్ దగ్గర నిలబడి పుక్కిలించాను. పుక్కిలింతలోనూ శ్రుతి తప్పలేదని నా నమ్మకం.

కేకు కోశాక పక్కింటి పెద్దాయన "సారు పాడుతరట గద" అన్నాడు. నసగడానికి నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల, "మామయ్యను తక్లీఫ్ పెట్టకుండ్రి, గొంతు పట్టేసింది" అని నా తరఫున చెప్పేసింది. మూడోసారి మా అక్క అడిగింది. అప్పటికే సగం లేచాను. ఆ పిల్ల భుజం పట్టి మెల్లగా కూర్చోబెట్టింది. బాగానే ఉందమ్మా అందామంటే, ఇందాక పుక్కిలించింది ఎందుకని అడుగుతారు.

మైకు ఖాళీగా ఉండడం చూసి మా బావ లేచాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, పాటను కూడా గూడ్స్ బండిలాగే నడుపుతాడు. ఎక్కడ ఆగుతుందో తెలియదు, ఎందుకు ఆగిందో తెలియదు, దాటిపోయిన స్టేషనుకే మళ్లీ వస్తుంది. రెండో చరణం మరచిపోయి మొదటిదే మూడుసార్లు పాడాడు. జనం విరగబడి చప్పట్లు. పుట్టినరోజు పిల్లవాడు ఒక్కడే గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఇంట్లో సంగీత జ్ఞానం ఎవరికి వచ్చిందో నాకు అప్పుడే తెలిసింది.

"ఎట్లుంది బామ్మర్దీ?" అన్నాడు దిగొచ్చి.

"నీ ధైర్యం ఎవ్వలకు రాదు బావా" అన్నాను. మెచ్చుకున్నాననుకొని మళ్లీ వెళ్లి ఇంకోటి అందుకున్నాడు.

విస్తరిలో బగారన్నం పడింది. మటన్ బకెట్ వచ్చింది. అలవాటు ప్రకారం చెయ్యి అడ్డం పెట్టి, వేళ్లు ఎడం చేసి, "వద్దు వద్దు" అన్నాను. వెనక నుంచి ఆ పిల్ల, "అవు, మామయ్యకు కారం, నూనె వద్దు" అంది. బకెట్ దాటిపోయింది. పెరుగు కూడా బంద్, కఫం చేస్తుందట. పక్కనే మా బావ నల్లిబొక్క పీలుస్తూ, మధ్యమధ్య కూనిరాగం తీస్తున్నాడు.

వచ్చేటప్పుడు ఆ పిల్ల ఒక టిఫిన్ బాక్సు చేతికిచ్చి "ఇంటికి పోయి వేడి చేసుకోండ్రి" అంది. ఆటోలో నక్కలగుట్ట, ఎన్‌ఐటీ దాటేదాకా అది నా ఒళ్లోనే. బరువుగా ఉంది, వెచ్చగా ఉంది. ఎంతైనా మంచి పిల్ల, నా మొహం చూసి కనిపెట్టింది అనుకున్నాను. ఫాతిమానగర్ దగ్గర ఆటో కుదుపుకు మూత సందులోంచి మిరియాల వాసన వచ్చింది. మటన్‌లో మిరియాలు కూడా వేస్తారు కదా అని సర్దిచెప్పుకున్నాను.

తెరిస్తే మిరియాల చారు. అంచుదాకా.

దావత్‌లో కడుపునిండా తిన్న మా ఆవిడ నవ్వాపుకుంటూ దాన్ని వేడి చేసి గ్లాసులో పోసింది. చారు బాగుంది, అబద్ధమెందుకు. గ్లాసు ఖాళీ కాగానే "ఇంకొంచెం పొయ్యాల్నా?" అంది.

చెయ్యి గ్లాసు మీదికి పోబోయింది. వెనక్కి లాక్కున్నాను.

"పొయ్యి" అన్నాను.