పుట్టిన తేదీకి 712 నొక్కులు

ఇది జరిగి రెండు రోజులే అయింది. కుడిచేతి చూపుడువేలు ఇంకా గుంజుతూనే ఉంది. అందుకే దీన్ని ఎడమ చేత్తో కొడుతున్నాను, తప్పులుంటే ఏమనుకోకండి.

సంగతి పొట్టిగా చెప్పేస్తాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే ఓ అడ్తి దుకాణంలో 33 ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాను. రోకడ పుస్తకం, ఖాతాలు, రైతుకిచ్చే తక్‌పట్టీ చీటీలు, పత్తి సీజన్లో రాత్రి పదకొండు దాకా కూడికలు. మొన్న దసరాకు ముందు సేటు మేనల్లుడు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. దసరా వెళ్ళాక నేను రావాల్సిన అవసరం లేదన్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా కొడుకు నాకు ఫోన్లోనే దారి వెతికాడు. వాడు చెప్పిందంతా విన్నాక తెలిసిందేమంటే, మనిషి ఏ వయసు దాకా పనికొస్తాడన్న దాని మీద ఒక్కో పథకానిది ఒక్కో లెక్క. గ్రామీణ కౌశల్య యోజన మామూలుగా 35 దాటితే తలుపేస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో కొత్తగా నేర్చుకునే కోర్సులు 45 దాకానే. వచ్చిన పనికే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే దారి ఒకటుంది, అది 59 దాకా. 60 నిండినవాళ్ళకైతే 2021 అక్టోబర్ 1న కేంద్రం మొదలుపెట్టిన, పెద్దవాళ్ళకు ఉద్యోగాలు చూపే సేక్రెడ్ పోర్టల్ ఉంది. నాకేమో 59. కొత్త పని నేర్చుకుందామంటే ముసలివాణ్ణి, ముసలివాళ్ళ వరసలో నిలబడదామంటే చిన్నవాణ్ణి. కాజీపేటలో ఒక బండి తప్పిపోయి, రెండో బండి లేటని విన్నవాడి పరిస్థితి.

చివరికి మావాడు హన్మకొండలో ఓ ప్రైవేటు శిక్షణ కేంద్రం పట్టాడు. పేరు వద్దులెండి. వయసుతో పనిలేదట, కంప్యూటర్లో లెక్కలు రాసే టాలీ, జీఎస్టీ నేర్పి ఉద్యోగం చూపిస్తారట. "ఫారం నింపాలె, అంతే నాన్నా. రెండు నిమిషాల పని" అన్నాడు.

రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి తలెత్తకుండానే గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ వైపు పెన్ను చూపించింది. "స్కాన్ చేసి ఫారం నింపండి అంకుల్." పేరు కొట్టాను, తండ్రి పేరు కొట్టాను. పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టగానే ఒక క్యాలెండర్ ఊడిపడింది. 2025 అక్టోబర్. దానికి అటో బాణం, ఇటో బాణం. ఎడమ బాణం నొక్కితే సెప్టెంబర్. మళ్ళీ నొక్కితే ఆగస్టు.

నాది 1966 జూన్ 1. నిజానికి నేను బతుకమ్మ పండుగ అయిన వారానికి పుట్టానని మా అవ్వ చెప్పేది. బళ్ళో వేసిన పంతులు మాత్రం ఆ ఏడు చేరిన పిల్లలందరికీ జూన్ 1 అనే రాసుకున్నాడు. లెక్కల మనిషిని కదా, నొక్కడానికి ముందే కూడిక వేసుకున్నాను. 59 ఏళ్ళకు 708, పైన నాలుగు నెలలు, మొత్తం 712 నొక్కులు. ఆ నాలుగూ పంతులు ఖాతాలో రాసుకోవాలి.

సరే, పనిలో దిగాను. ఆధార్ జిరాక్స్ వెనకవైపు, బస్తాలు లెక్కపెట్టేటప్పుడు గీసినట్టు, నాలుగు నిలువు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టుకుంటూ పోయాను.

2021 ఆగస్టు దాటగానే మా హన్మకొండ జిల్లా పోయి వరంగల్ అర్బన్ అయింది. అదే ఏడు మార్చిలో సర్కారు ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచారు. నాతో చదివిన పంతులు మిత్రుడు ఆ రోజు మిఠాయి పంచాడు, నేనూ రెండు తిన్నాను. మా సేటుకు ఆ జీవో ఎవరూ చదివి వినిపించలేదు. 2020 లాక్‌డౌన్ నెలలు ఇక్కడ కూడా నిదానంగానే కదిలాయి, లేక నెట్ స్లోగా ఉందో. 2017 జూలై దాటాక దేశంలో జీఎస్టీ లేదు. ప్రాణం హాయిగా అనిపించింది, కానీ నేనొచ్చింది దాన్ని నేర్చుకోవడానికే. 2016 నవంబర్, సేటు రద్దయిన నోట్ల కట్టలు ముందు పోసి నా మొహం చూసిన నెల. ఇంకొకటి నొక్కితే అర్బన్, రూరల్ కలిసిపోయి ఒకటే వరంగల్ జిల్లా. 2014 జూన్ దాటితే రాష్ట్రమే మారిపోయింది. కుర్చీలోంచి లేవకుండా ఇన్ని సరిహద్దులు దాటినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పక్క కుర్చీలో మనవడి వయసున్న పిల్లగాడు ఫారం ముగించేసి పాట వింటూ కాలు ఊపుతున్నాడు. మధ్యమధ్య నా ఫోన్లోకి తొంగిచూస్తున్నాడు.

2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నాకు రెండే నొక్కుల్లో అయిపోయింది. 2002, వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడిన ఏడు. 1934 నాటి మిల్లు, నాయన అందులోనే చేశాడు. ఆ ఏడు నాయన భోజనం దగ్గర మిల్లు మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. 1997, 98లో పత్తికి పురుగు పట్టిన నెలలు. అప్పుడు ఖాతాలు రాసింది ఈ చెయ్యే. అక్కడ స్క్రీన్ చూడకుండా నొక్కాను.

1990 మే, నా పెళ్ళి. అక్కడ కాసేపు వేలు ఆపాను. ముప్ఫై ఐదేళ్ళ తర్వాత మనిషి ఆ నెల ముందు కూర్చుని ఆలోచించుకునే అవకాశం ఎంతమందికి వస్తుంది? ఆలోచించుకుని దాటేశాను. 1986 ఆగస్టు, గోదావరి పొంగి ఏటూరునాగారం నుంచి మేనమామ కుటుంబం మొత్తం మా రెండు గదుల్లోకి వచ్చి పడింది. 1983 జూన్, రేడియో చుట్టూ వాడంతా చేరి కపిల్‌దేవ్ కప్పు గెలవడం విన్న నెల. సరిగ్గా అక్కడ ఫోన్ మోగింది.

మా ఆవిడ. పెళ్ళి నెల దాటేసి పోయానని ఎట్లా పసిగట్టిందో!

"వచ్చేటప్పుడు వంకాయలు తేండ్రి. గుండ్రటియి, పొడుగువి కాదు."

సరేనని పెట్టేసి చూస్తే క్యాలెండర్ లేదు. మళ్ళీ తెరిస్తే 2025 అక్టోబర్. జిరాక్స్ వెనక 508 గీతలు, కళ్ళముందు మళ్ళీ మొదటి నెల.

రెండోసారి జ్ఞాపకాల జోలికి పోలేదు. తెలంగాణ రావడం పోవడం, వరదలు, పెళ్ళి, ఏదీ చూడలేదు. టకటకా కొట్టుకుంటూ 1969 ఉద్యమం కూడా దాటి, 1966 జూన్ మీద వేలు ఆపేసరికి కౌంటర్ అమ్మాయి టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చింది. 508, 712, మొత్తం 1,220.

పక్క పిల్లగాడు చెవుల్లోంచి వైర్లు తీశాడు.

"అంకుల్, పైన 2025 అని ఉంటది గదా, దాని మీద నొక్కితే సంవత్సరాల లిస్టు వస్తది."

"ఈ ముక్క నీకు ఎప్పటి నుంచి ఎరుక బిడ్డా?"

"ఫస్ట్ నుంచి. మీరేదో తారీఖు వెతుక్కుంటున్నరనుకున్న."

వాణ్ణి ఏమీ అనలేదు. ఏమనాలో అప్పుడు తోచలేదు, బస్సెక్కాక బోలెడు తోచాయి. సబ్మిట్ నొక్కాను. కౌంటర్ వెనక ప్రింటర్ గురగురమని రసీదు కక్కింది. అమ్మాయి దాన్ని నా చేతిలో పెట్టి, మొదటిసారి నా మొహం చూసి, కంగ్రాట్స్ అంకుల్ అంది.

రసీదులో పుట్టిన తేదీ: 6 జనవరి 1966.

"తల్లీ, నాది జూన్ 1."

"సిస్టం నెల ముందు, తారీఖు వెనక తీస్కుంటది అంకుల్."

"ఆధార్‌లో జూన్ 1 ఉంది కదా."

"అయితే మ్యాచ్ గాదు. కొత్త ఫారం నింపండి" అని పెన్ను మళ్ళీ గోడ వైపు చూపించింది.

కిందికొచ్చి వంకాయలు కొన్నాను. పొడుగువే దొరికాయి.