గేర్లు ట్యూన్ చేయించింది చాలు, ఆ కేబుల్ మార్చండి

మొన్న ఆదివారం సైకిల్ మీద అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే, వెనక గేర్లు మార్చే కుడి షిఫ్టర్ లోపల టప్‌మని చప్పుడైంది. చూస్తుండగానే చెయిన్ గడగడా జారిపోయి వెనక పళ్లచక్రాల్లో అన్నిటికన్నా చిన్నదైన చివరి కాగ్ మీద కూర్చుంది. ముందు 34 పళ్లు, వెనక 11. ఎక్కేవాళ్లకు తెలుసు, ఆ ఘాట్‌కి ఆ గేరు ఎంత నరకమో. కాసేపు నిలబడి తొక్కాను, తర్వాత బండి దిగి నడిచాను. పక్కనుంచి పోతున్న స్కూటీ అంకుల్ "పంక్చరా బాబూ?" అని జాలిగా అడిగారు. ఏం చెప్పను? "లేదంకుల్, తీగ తెగింది" అన్నాను. "తీగా?" అని నవ్వుకుంటూ పోయారు.

అసలు కోపం తీగ మీద కాదు. రెండు నెలలుగా అది పోతోందని తెలుస్తూనే ఉంది. వారానికోసారి గేర్లు తప్పేవి. నేను ఒకే షాపుకి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ అదే మాట, "ట్యూనింగ్ పోయిందన్నా". కేబుల్ బిగువు సరిచేసే బ్యారెల్ అడ్జస్టర్ అర చుట్టు తిప్పడం, స్టాండ్ మీద పెడల్ తిప్పి టకటకా గేర్లు వేసి చూపించడం, డబ్బులు తీసుకోవడం. ఒక్కసారైనా షిఫ్టర్ మీది రబ్బరు హుడ్ వెనక్కి లాగి లోపల చూసిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాదే. అదే రెండు నెలల్లో కొత్త టైర్లు కొన్నాను, కార్బన్ వీల్స్‌కి ఈఎంఐ ఎంత పడుతుందో లెక్కలు కూడా వేశాను. మూడు వందలు కూడా చేయని ఇన్నర్, అదే కేబుల్ లోపలి తీగ, మాత్రం గుర్తుకు రాలేదు.

విషయం చాలా చిన్నది. గేర్ ఇన్నర్ మందం 1.2 మిల్లీమీటర్లు, సన్నటి స్టీల్ పోగులు పేనిన తాడు. షిఫ్టర్‌లో ఒక క్లిక్ నొక్కితే అది కదిలేది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త కదలికతోనే, చెయిన్‌ని పక్కకి జరిపే డిరైలర్ 11 కాగ్‌లలో సరైనదాని కింద నిలబడాలి. 1984లో షిమానో కంపెనీ డ్యూరా ఏస్ గేర్ సెట్‌లో క్లిక్ గేర్లు వచ్చినప్పటి నుంచీ లెక్క ఇదే. అంతకు ముందు చెయిన్ చప్పుడు చెవితో విని లివర్‌ని సర్దుకునేవాళ్లు, కేబుల్ కాస్త బిగుసుకుపోయినా చెయ్యి సరిచేసేది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు.

ఇంకో కిటుకు ఉంది. పెద్ద కాగ్‌కి ఎక్కించేది మన వేలి బలం. చిన్న కాగ్‌కి దించేది మాత్రం డిరైలర్‌లోని స్ప్రింగ్. తీగ మీది తొడుగు, అదే ఔటర్, లోపల మట్టి, తుప్పు చేరితే మన వేలు ఎలాగో లాగేస్తుంది, పాపం స్ప్రింగ్ లాగలేదు. అందుకే ఎక్కడం బాగానే ఉండి, దిగడం ఆలస్యమైతే కేబుల్ పట్టేస్తోందని అనుమానించాలి. అప్పుడు టెన్షన్ తగ్గిస్తే దిగడం బాగుపడి ఎక్కడం చెడుతుంది, పెంచితే అటుది ఇటవుతుంది. ఇక జీవితాంతం తిప్పుతూ కూర్చోవచ్చు!

నాది దీనికి తిరగబడిన కేసు. ఎక్కడమే చెడింది, ప్రతి వారం అడ్జస్టర్ ఇంకాస్త బయటికి తిప్పాల్సి వచ్చింది. కొత్త కేబుల్ వేసిన మొదటి వారం ఇలా అయితే కంగారు లేదు, ఔటర్ కొసలు తమ చోట్లలో సర్దుకుంటాయి. ఏడాది పాత కేబుల్ వారం వారం వదులవుతోందంటే షిఫ్టర్ లోపల, తీగ కొసనున్న తలకాయ దగ్గర పోగులు ఒక్కొక్కటీ తెగుతున్నట్టే. రోజూ అక్కడే వంగి అక్కడే సాగుతుంది కదా.

తెగాక చేయకూడని పని ఒకటుంది, నేను అదే చేశాను: షిఫ్టర్‌ని పదేపదే నొక్కాను. తెగిన పోగులు లోపల చుట్టుకుపోయాయి. ఇంటికొచ్చి పట్టకారు, టార్చిలైటు పట్టుకుని రెండు గంటలు కూర్చుంటే గానీ ఆ మినప్పప్పు బద్దంత తలకాయ బయటికి రాలేదు. మా ఆవిడ వచ్చి "చెవిలో పురుగు తీస్తున్నావా?" అంది.

తెగకముందే మార్చి ఉంటే అరగంట పని. షిఫ్టర్‌ని చిన్న కాగ్ దాకా దించేసి, డిరైలర్ దగ్గర బోల్టు వదులు చేసి, ఇన్నర్‌ని వెనక నుంచి తోస్తే తలకాయ రంధ్రంలోంచి అదే తొంగిచూస్తుంది. ఇన్నర్ ఒక్కటే మారిస్తే హ్యాండిల్‌కి చుట్టిన బార్ టేప్ విప్పక్కర్లేదు. ఔటర్ కోయడానికి మాత్రం ఇంట్లో ఉన్న కటింగ్ ప్లయర్ వాడకండి, కొస నలిగిపోతుంది. కేబుల్ కట్టర్‌తో కోసి, నొక్కుకుపోయిన లోపలి గొట్టాన్ని పిన్నీసుతో తెరవాలి. మొత్తం ఔటర్ మార్చే ఓపిక లేకపోతే వెనక డిరైలర్ దగ్గరి ముక్కైనా మార్చండి, వానలో చక్రం చిమ్మే బురదంతా దాని నోట్లోకే. పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ కింద, కేబుల్ జారే ప్లాస్టిక్ గైడ్ కూడా తుడవండి. బాటిల్లోంచి కారిన ఎలక్ట్రాల్ అంతా అక్కడే బెల్లం పాకంలా గడ్డకట్టి ఉంటుంది.

డిరైలర్ అటూ ఇటూ ఎంతవరకు కదలాలో హద్దు పెట్టే హెచ్, ఎల్ స్క్రూల జోలికి పోవద్దు, కేబుల్ మార్చడానికీ వాటికీ సంబంధం లేదు. నేను ఆ రోజు హెచ్ స్క్రూ లోపలికి బిగించి చెయిన్‌ని ఒక కాగ్ పైకి తెచ్చుకుని ఇల్లు చేరాను కాబట్టి, లెక్కపెట్టి వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

"ఎలక్ట్రానిక్ గేర్లు తీసుకో, ఈ గోలే ఉండదు" అని సలహా ఇచ్చే మిత్రులకు ఒక దండం. 2021లో షిమానో డ్యూరా ఏస్, అల్టెగ్రా సెట్లు 12 స్పీడుకి, అంటే వెనక 12 కాగ్‌లకి, మారినప్పుడు కేబుల్ రకమే తీసేశారు. రేసులకు మంచిదే కావచ్చు. కానీ నా బండి నేను పార్కింగ్‌లో పాత దుప్పటి పరుచుకుని బాగు చేసుకోగలగాలి. అంతకన్నా ఒళ్లు మండేది కేబుల్ బండ్లలోనే ఔటర్లని హ్యాండిల్ తిరిగే చోటి హెడ్‌సెట్ బేరింగుల మధ్యలోంచి దూర్చే ఫ్యాషన్. ఔటర్ మార్చాలంటే హ్యాండిల్, స్టెమ్, బేరింగు అన్నీ విప్పాలి. ఎందుకూ? ఫొటోలో తీగలు కనబడకూడదని.

మార్చే పనిలో ఎడమ షిఫ్టర్ ఇన్నర్ కూడా బయటికి లాగి చూశాను. ఒక్క పోగు చెదరలేదు, కొత్తదానిలా మెరుస్తోంది. ముందు గేరు మార్చేది ఎన్నిసార్లు గనక! దాన్ని పారేయబుద్ధి కాక మళ్లీ అదే ఎక్కించాను. దానికోసం కొన్న ఇన్నర్ సీటు కింద సంచిలో ఉంది.