ఇన్వర్టర్ ఒక్కటే సరిపోదు

ఇన్వర్టర్ ఉంటే ఇంట్లోని ఫైల్ సర్వర్‌కు (ఫైళ్లన్నీ దాచే కంప్యూటర్) వేరే యూపీఎస్ (కరెంటు పోగానే కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె) అక్కర్లేదని మీ వ్యాసంలో రాశారు. సగమే నిజం. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో (వెంటనే బ్యాటరీ మీదికి మారే సెట్టింగ్) పెడితే మిషన్ ఆగకపోవచ్చు గానీ, బ్యాటరీ అయిపోవస్తోందని సర్వర్‌కు చెప్పే దారి మామూలు ఇంటి ఇన్వర్టర్‌కు ఉండదు. గాలివానకు హన్మకొండ దిక్కు స్తంభాలు పడి రాత్రంతా కరెంటు రాకుంటే బ్యాటరీ అయిపోయి సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది, అసలు చిక్కు అప్పుడే.

యూఎస్‌బీ పోర్టున్న 600 వీఏ లైన్ ఇంటరాక్టివ్ (వోల్టేజీ హెచ్చుతగ్గులను కూడా సరిచేసే రకం) యూపీఎస్ తీసుకోండి. సర్వర్ లినక్స్‌లో నట్ (NUT, యూఎస్‌బీ ద్వారా యూపీఎస్ చెప్పేది విని సర్వర్‌ను ఆపే ప్రోగ్రామ్) వేసి, కరెంటు పోయిన 2 నిమిషాలకు షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. లోపలి 12 వోల్టుల బ్యాటరీ పాతబడితే ఆ 2 నిమిషాలు కూడా ఆగదు, అప్పుడప్పుడు ప్లగ్ పీకి చూడాల్సిందే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (మెయిన్స్ కరెంటులా నున్నటి తరంగం ఇవ్వని రకం) వెనక మాత్రం దీన్ని తగిలించొద్దు. చాలా యూపీఎస్‌లు ఆ కరెంటును ఒప్పుకోక బ్యాటరీ మీదికి పోతాయి.

ఇంకోటి, వేగం కోసం జెడ్‌ఎఫ్‌ఎస్‌లో (ZFS, డిస్కులో ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్) సింక్ (డేటా డిస్కుకు చేరాకే రాసేశామని చెప్పే పద్ధతి) ఆపేసినవాళ్లు మళ్లీ ఆన్ చేయండి. అది ఆపి ఉండగా కరెంటు పోతే ఫైల్‌సిస్టమ్ చెడదు గానీ, రాసేశామని చెప్పిన చివరి కొన్ని సెకన్ల డేటా పోతుంది.