కోడికి అడుగు జాగా

2018 నవంబరులో కాలిఫోర్నియా 12వ ప్రతిపాదనకు నేను అవుననే ఓటేశాను. గుడ్లు పెట్టే కోళ్లను, పందుల్ని, దూడల్ని ఇరుకు బోనుల్లో కుక్కి పెంచితే ఆ సరుకు ఇక్కడ అమ్మకూడదన్న చట్టం అది. పందుల పెంపకందార్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2023లో ఓడిపోయారు. నా ఓటు గెలిచిందని కొన్నాళ్లు గొప్పగానే తిరిగాను.

అంత గొప్ప ఎందుకంటే, అమెరికాలో మామూలు బోనుల్లో ఒక్కో కోడికి దక్కే చోటు 67 చదరపు అంగుళాల నుంచి మొదలు. ప్రింటరులో పెట్టే లెటరు కాగితమే 93 దాటుతుంది. రెక్క చాపడానికి లేదు, దుమ్ములో పొర్లడానికి లేదు. మా అమ్మ రాత్రి గంప కింద మూసిన కోడి తెల్లారేసరికి పెంటకుప్ప మీద కాళ్లతో గీరుకుంటూ ఉండేది. పండక్కి దాన్నే కోసుకునేవాళ్లం, కాబట్టి చంపడం గురించి నీతులు చెప్పే మొహం నాకు లేదు. బతికినన్నాళ్లూ ఎలా బతికిందన్నదే నా గొడవ.

2025 ఫిబ్రవరిలో తణుకు పక్కన వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలింది. ఇక్కడా అదే రోగం; మార్చికి డజను గుడ్లు సగటున 6 డాలర్లు దాటాయి. నెవాడా అయితే బోనుల్లేని గుడ్ల చట్టాన్ని 120 రోజులు పక్కన పెట్టింది. (బోనుల్లేని ఫారాల్నీ ఆ వైరస్ వదల్లేదు లెండి.)

అప్పుడే అక్కడ కోళ్ల ఫారం నడిపే మా బావకు ఫోన్ చేశాను. వాళ్ల కోళ్లకు రోగం రాలేదు, కానీ గుడ్లు కదలడం లేదు. ఆ సమయంలో నా ఓటు సంగతి ఎత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది.

"అలాగే తీసేస్తాను బామ్మర్దీ బోనులు. గుడ్డుకి రెండు రూపాయలు ఎక్కువ నువ్విస్తావా? రేటు నా చేతిలో ఉందేంటి?" అన్నాడు.

లేదు. దళారి చెప్పిందే ధర అనే రోజులు పోవాలనే 1982లో కోళ్ల పరిశ్రమ పెద్ద బి.వి. రావు చొరవతో నెక్ (నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ) అనే రైతుల సంస్థ పుట్టింది. రోజూ రేటు ప్రకటిస్తుంది. కానీ కోడిని పెంచే ఖర్చులో సగానికి పైగా దాణాదే, ఆ దాణాలో ముఖ్యమైన మొక్కజొన్న ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలకూ పోతోంది. మొక్కజొన్న వేసిన రైతుకు నాలుగు డబ్బులొస్తే ఎలా కాదంటాం? మధ్యాహ్న భోజనంలో బడిపిల్లల కంచంలోకి గుడ్డు వస్తోందన్నా అది చౌకగా దొరకబట్టే.

అయినా మళ్లీ ఓటింగ్ వస్తే అవుననే వేస్తాను. ఆ తేడా సొమ్ము మాత్రం డాలర్లలో సంపాదించే మనమే కట్టాలి. ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా ఊళ్లకు పంపే విరాళంలో కొంత, బోనులు తీసేసే ఒక్క రైతుకు గుడ్డుకింత అని ఇచ్చి, ఆ గుడ్లను దగ్గర్లోని బడికే చేర్పించమంటాను.

బావకూ ఈ మాట చెప్పాను. "ముందు ఈ బ్యాచ్ దాణా బాకీ తీరనీ, తర్వాత చూద్దాం" అన్నాడు.