బెజవాడలో హస్కీ, మనాలిలో బావమరిది

మా బావమరిది ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు ఉంటుంది. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏడు గళ్ళు, మనిషికో రంగు. అతనిది నీలం, వాళ్ళావిడది గులాబీ, పిల్లాడిది ఆకుపచ్చ. అబ్బాయి ఈత ఎన్నింటికి, అబాకస్ ఎన్నింటికి, ఏ పూట ఓట్సు, ఏ పూట కొర్రల దోసె, దుప్పట్లు ఉతికేది ఏ రోజు, ఆఖరికి మొగుడూ పెళ్ళాం తీరిగ్గా మాట్లాడుకునేది ఏ రోజు (గురువారం, రాత్రి 9.15 నుంచి 9.45 వరకు), అన్నీ అందులో రాసి ఉంటాయి. ఢిల్లీలో ప్లానింగ్ కమిషన్‌ని తీసేసి 2015లో నీతి ఆయోగ్ పెట్టినప్పుడు, పాపం ఆ పాత ఉద్యోగులంతా ఏమైపోయారా అని దిగులుపడ్డాను. పటమటలో మా బావమరిది ఫ్లాటుకి వెళ్ళాక దిగులు తీరింది.

ప్రణాళికలంటే నాకు గిట్టదని అనుకోకండి. మా అమ్మా వేస్తుంది, ఏ వారానికావారం. గోడకున్న క్యాలెండర్‌లో తేదీ కింద పెన్సిల్‌తో ఒక్క మాట. "గ్యాసు." "కరెంటు బిల్లు." "తెనాలి పెళ్ళి." నేను చెప్పబోయే వారానికి మూడు మాటలు రాసింది: సోమవారం "కాయలు", మంగళవారం "కారం", బుధవారం "ఆవకాయ". మా ఇంట్లో ఆ వారం ముహూర్తం పెట్టిన పెళ్ళితో సమానం. ఆ రోజుల్లో ఎవరూ జబ్బు పడకూడదు, చుట్టాలు రాకూడదు, గట్టిగా తుమ్మకూడదు.

సరిగ్గా ఆ ఆదివారమే బావమరిది ఫోన్ చేశాడు.

"బావగారూ, ఒక్క వారం. స్నోయిని మీ దగ్గర వదుల్తాం. మీకూ కాలక్షేపంగా ఉంటుంది."

"మీరెక్కడికి?"

"మనాలి. పిల్లాడు మంచు చూడలేదు కదా!"

స్నోయి అంటే వాళ్ళ కుక్క. సైబీరియన్ హస్కీ. నలభై వేలు పోసి కొన్నారు. కొన్నరోజు మా బావమరిది నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఆ జాతి గొప్పతనం గంటసేపు చెప్పాడు. సైబీరియాలో చుక్చీలనే జనం బండ్లు లాగడానికి పెంచుకున్న జాతట. 1925లో అలాస్కాలో నోమ్ అనే ఊళ్ళో పిల్లలకి కంఠసర్పి వస్తే, ఇలాంటి కుక్కలే జట్టు తర్వాత జట్టు బండి అందుకుని, మంచు తుఫానులో వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం ఐదున్నర రోజుల్లో మందు మోసుకెళ్ళాయట. అదంతా నిజమే. తర్వాత నేనూ చదివాను. అంతటి వంశంలో పుట్టినది ఇప్పుడు పటమటలో ఐదో అంతస్తు బాల్కనీలో, వాషింగ్ మెషీనుకీ ఆరేసిన ప్యాంట్లకీ మధ్య నాలుగడుగుల స్థలంలో ఉంటోంది. లాగడానికి ఒక చెప్పుల స్టాండు ఉంది.

మే నెల ఆఖరి వారం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత బెజవాడలో కూర్చుని ఎవరో కళ్ళారా చూసే చెప్పి ఉంటారు. మంచు చూడ్డానికి మనుషులు మనాలి వెళ్ళారు. మంచు కోసమే పుట్టినది సత్యనారాయణపురంలో మా ఇంటికి వచ్చింది. ఈ ఏర్పాటులో ఎక్కడో ఏదో తిరగబడిందని ఆ చార్టు రాసిన తెలివికి ఒక్క క్షణం కూడా తట్టలేదు.

కుక్కతో పాటు ఒక లామినేట్ చేసిన కాగితం వచ్చింది. చార్టుకి అనుబంధం. ఉదయం 5.30 వాకింగ్. 6.30 దువ్వడం. 7.00 గింజల తిండి, 150 గ్రాములు, తూచి పెట్టాలి. 9 నుంచి 6 దాకా ఏసీ, 18 డిగ్రీలు. (మా ఇంట్లో ఏసీ పాతికకి తగ్గితే అమ్మ స్వయంగా వచ్చి మీటరు చూసి వెళుతుంది.) సోమ, బుధ, శుక్ర వారాల్లో ఉడికించిన చికెన్, 200 గ్రాములు. ఆ లైను అమ్మకి చదివి వినిపించే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆవిడ తమ్ముడి తరఫున ప్రాణాలకు తెగించి చదివింది. అమ్మ ఏమీ అనలేదు. కాగితం అడిగి తీసుకుని, దాని మీద పెరుగు గిన్నె పెట్టింది. ఆ రోజు నుంచి స్నోయికి గింజలతో పాటు పెరుగన్నం. పళ్ళెం నాకిన తీరు చూస్తే సైబీరియాలో పెరుగు దొరక్కే ఆ జాతి వలస వచ్చిందేమో అనిపించింది.

నన్ను కాల్చింది మాత్రం ఈ కాగితం కాదు. బయల్దేరేముందు వాళ్ళింటికి వెళ్ళి కుక్కని తెచ్చుకున్నప్పుడు ఫ్రిజ్ మీది అసలు చార్టు దగ్గరగా చూశాను. స్నోయికీ ఒక రంగు ఉంది, గోధుమరంగు. ఉదయం వాకింగ్, ఎదురుగా "వాచ్‌మన్". తిండి, "పనమ్మాయి". స్నానం, "షాపు". సాయంత్రం వాకింగ్, మళ్ళీ "వాచ్‌మన్". ఈ వారం మొత్తం అడ్డంగా ఒకటే గీత గీసి "బావగారు" అని రాశారు. నెల రోజుల చార్టులు ఒకదాని కింద ఒకటి క్లిప్పు పెట్టి ఉంటే తిరగేశాను. కుక్క గడిలో ఆ ఇంటి మనిషి పేరు ఒక్కచోట కూడా లేదు. ఫొటోల్లో మాత్రం ముగ్గురూ ఉంటారు, కుక్క మెడ చుట్టూ చేతులు వేసి.

మర్నాడు పొద్దున బీఆర్‌టీఎస్ రోడ్డు మీద వాకింగ్‌కి తీసుకెళ్ళాను. తీసుకెళ్ళాను అనడం మర్యాద కోసం. వెయ్యి కిలోమీటర్ల వంశం కదా, అదే నన్ను లాక్కెళ్ళింది, టిఫిన్ బండి దాకా. అక్కడ బిందెలోంచి నీళ్ళు ఒలికి చిన్న మడుగు కట్టాయి. అందులో పొట్ట ఆనించి, నాలుగు కాళ్ళూ చాపి పడుకుంది. ఇక లేవదు. జనం చేరారు.

"ఇది తోడేలాండీ?"

"ఒక కన్ను నీలంగా ఉందేంటి? శుక్లమేమో, చూపించండి సార్."

"ఎంత పడింది? నెలకెంత అవుద్ది?"

ఒక పెద్దాయన వంగి దాని బొచ్చు పరిశీలించి, "తిరుపతి తీసుకెళ్ళి గుండు కొట్టించెయ్యండి, చల్లగా ఉంటది" అన్నాడు. గుండు కొట్టించకూడదటండీ, పై బొచ్చే ఎండ నుంచి చర్మాన్ని కాస్తుందట అన్నాను. "అయితే సగం గుండు" అన్నాడు. బండి అతను మాత్రం, "అయ్యగారూ, రేపు కూడా తీసుకురండి, ఈ పూట నాలుగు వాయిలు ఎక్కువ పోయినాయి" అని నా ఇడ్లీకి డబ్బులు తీసుకోలేదు. ఆ వారంలో నాకు మిగిలిన లాభం అదొక్కటే.

బుధవారం.

ఆవకాయ పెట్టే పూట ఫ్యాన్ వేయకూడదు, కారం లేస్తుంది. వంటింటి ముందు హాల్లో అమ్మ మడి కట్టుకుని కూర్చుంది. ఎదురుగా పెద్ద బేసిన్. ఒక పక్క గుంటూరు కారం, ఒక పక్క ఆవపిండి, ఉప్పు, మెంతులు, నువ్వుల నూనె. పాతిక చిన్నరసం కాయలు, బజార్లోనే టెంకతో ముక్కలు కొట్టించి తెచ్చాను. ఒక్కొక్క ముక్కా పొడిగుడ్డతో తుడుస్తున్నాం, తడి తగిలితే బూజు పడుతుంది కాబట్టి. స్నోయి లోపలి గదిలో, ఏసీలో, తలుపు వేసి ఉంది. అంతా శాస్త్రప్రకారం నడుస్తోంది.

పదకొండుంపావుకి కరెంటు పోయింది.

గదిలోంచి ముందు గోకుడు వినిపించింది. తర్వాత మూలుగు. తర్వాత ఏడుపు. హస్కీలు మొరగడం కన్నా ఎక్కువగా ఊళ వేస్తాయని నాకు అప్పటికి తెలీదు. వీధిలో ఎవరో పోయారనుకుని పక్కింటావిడ కొంగు తలమీదికి లాక్కుంటూ వచ్చింది. నేను లేచి తలుపు తీశాను. తీయకూడదు. తీశాను.

ఇక్కడ మీకొక విషయం చెప్పాలి. ఈ జాతి కుక్కకి బొచ్చు రెండు పొరలు. ఎండలు ముదిరేసరికి లోపలి పొర మొత్తం కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. లామినేట్ కాగితంలో "దువ్వడం" అని ఒక్క ముక్కే రాశారు గానీ ఈ సంగతి రాయలేదు. స్నోయి హాలు మధ్యకి వచ్చి నిలబడి, బేసిన్ వైపు ఒకసారి చూసి, ముక్కు చివర మొదలుపెట్టి తోక చివరిదాకా ఒక్క విదిలింపు విదిలించింది.

దూదేకులవాళ్ళు పరుపులు ఏకడం మీరు చూసి ఉంటే ఇక వర్ణన అక్కర్లేదు. కిటికీలోంచి పడుతున్న ఎండలో తెల్లగా, మెల్లగా, తీరిగ్గా దిగుతోంది. మనాలిలో ఎంత పడిందో తెలీదు కానీ మా హాల్లో మాత్రం బాగానే పడింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ, మోకాళ్ళ నొప్పుల అమ్మ, కోడి తన పిల్లల మీద వాలినట్టు బేసిన్ మీద బోర్లా వాలింది. "ఒరేయ్! దుప్పటి!" అని అరిచింది. నేను దుప్పటి తెచ్చే లోపు కారం గాలికి కుక్క తుమ్మింది. తుమ్మినప్పుడల్లా ఇంకొంచెం బొచ్చు. దాన్ని చూసి మా ఆవిడ తుమ్మింది. తర్వాత నేను. పక్కింటావిడ శకునం బాగాలేదని గుమ్మంలోనే ఆగిపోయింది.

అప్పుడు మోగింది ఫోన్. వీడియో కాల్. మనాలి పైన రోహ్‌తాంగ్ కనుమలో సిగ్నల్ ఎలా దొరికిందో దేవుడికి తెలియాలి. తెరనిండా మంచు. అందులో అద్దెకు తెచ్చుకున్న ఎర్ర కోటుల్లో ముగ్గురు.

"బావగారూ! స్నోయికి చూపించండి! స్నోయీ, చూడు, స్నో!"

"అన్నయ్యగారూ, ఫోన్ కొంచెం దాని మొహానికి దగ్గరగా పెట్టండి" అంది చెల్లెమ్మ.

పెట్టాను. దుప్పటి ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో. స్నోయి ఆ తెల్లటి కొండని చూసింది. నా మొహం చూసింది. నడుచుకుంటూ బాత్రూంలోకి వెళ్ళి, తడి గచ్చు మీద పడుకుని, నాలుక అంతా బయటపెట్టింది.

"చూశారా, మమ్మల్ని చూసి ఎలా నవ్వుతోందో!" అన్నాడు బావమరిది.

అది నవ్వు కాదురా నాయనా. రొప్పు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. ఒంట్లో వేడి పోవాలంటే దానికి ఉన్న ముఖ్యమైన దారి ఆ నాలుకే. గాలి కూడా కాలుతున్నప్పుడు ఆ దారీ మూసుకుపోతుంది. రెండేళ్ళ నుంచి ఆ బాల్కనీలో అది మీకు రోజూ నవ్వుతూ కనిపిస్తోందంటే, రెండేళ్ళ నుంచి అది ఉడికిపోతోందని అర్థం. ఫొటో తీసి, కింద ఎర్ర గుండెకాయ బొమ్మ పెట్టి, పంపించారు మీరు.

నేనీ మాట ఫోన్లో అనలేదు. బంధుత్వం. కానీ ఇక్కడ అంటాను. పోయినేడు ఏలూరు కాలువ గట్టు మీద ఇలాంటిదే ఒక కుక్క, జాతి కుక్క, మెడలో బెల్టు అరిగిన గుర్తు అలాగే ఉంది. ఎవరో కారులో తెచ్చి దింపి వెళ్ళారని కొబ్బరిబోండాల అతను చెప్పాడు. వీధికుక్కకి వీధి తెలుసు, ఏ గుమ్మంలో అన్నం పెడతారో తెలుసు. దీనికి ఏమీ తెలీదు. ప్రతి తెల్ల కారు వెంటా పరిగెత్తింది. నాలుగో రోజుకి పరిగెత్తడం మానేసింది. ఐదో రోజు లేదు. ఆ కారు ఇంట్లో కూడా ఒక ఫ్రిజ్ ఉండే ఉంటుంది, దాని మీద ఒక చార్టు. కుక్క పన్నెండేళ్ళు బతుకుతుందన్న లెక్క ఏడు గళ్ళలో పట్టక, ఒక ఆదివారం ఖాళీ చూసుకుని దింపేశారు.

చట్టం లేదా అంటారు. ఉంది. జంతువుల మీద క్రూరత్వ నివారణ చట్టం, 1960. పదకొండో సెక్షన్ చదవండి, చాలా ముచ్చటగా ఉంటుంది. ఆకలితో దప్పికతో అల్లాడేలా జంతువుని వదిలెయ్యడం నేరం. కుక్కని ఎప్పుడూ కట్టేసి ఉంచి, నడకకి తిప్పకపోవడం నేరం. శిక్ష? మొదటిసారి తప్పుకి పది రూపాయలకి తక్కువ కాకుండా, యాభై రూపాయలకి మించకుండా జరిమానా. యాభై! 1960 చట్టంలోని అంకె. అప్పట్నించీ ఎంతమంది మంత్రులు, ఎన్ని సభలు, ఒక్కరికీ ఆ సున్నా పక్కన ఇంకో సున్నా పెట్టడానికి పెన్ను దొరకలేదు. ఒక ప్రాణాన్ని కాలువగట్టు మీద వదిలెయ్యడానికి, ఒక ప్లేటు పునుగులు తినడానికి ఈ దేశంలో ఇంచుమించు ఒకటే ఖర్చు. పునుగులకి చట్నీ అయినా ఇస్తారు.

ఆదివారం వాళ్ళు తిరిగొచ్చారు. ముక్కులు ఎర్రగా, చేతిలో ఒక యాపిల్ పళ్ళ పెట్టెతో. కుక్క ఎదురెళ్ళింది, ఒళ్ళంతా ఊపుకుంటూ. దానికి చార్టు చదవడం రాదు కదా. బావమరిది దాని తల మీద రెండుసార్లు తట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"బావగారూ, దీన్ని ఎవరికైనా మంచి ఇంటికి ఇచ్చేద్దామనుకుంటున్నాం. జూన్ నుంచి షెడ్యూల్ చాలా టైట్. పైగా పిల్లాడు ఇప్పుడు పర్షియన్ పిల్లి కావాలంటున్నాడు. పిల్లికి వాకింగ్ అక్కర్లేదు కదా!"

నేను నోరు తెరిచేలోపు వంటింట్లోంచి అమ్మ, "దాన్ని ఇక్కడే ఉండనివ్వు" అంది. అన్నాక, ఎవరి మొహమూ చూడకుండా, క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి సోమవారం గడిలో పెన్సిల్‌తో ఏదో రాసింది. తర్వాత చూశాను. "పెరుగు – లీటరు ఎక్కువ."

ఇంకొక్క ముక్క చెప్పి ఆపేస్తాను. శుక్రవారం, మూడోరోజు, ఆవకాయ తిరగకలుపుతుంటే అమ్మ గరిటె ఆగింది. నూనె మీద తెల్లగా, సన్నగా, ఒకటి. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మని చూశాను. రెండు వేళ్ళతో తీసి పారేసింది. ఆ ముక్కలు మాత్రం విడిగా ఒక చిన్న జాడీలోకి తీసి, పైన నూనె పోసి, వాసెన కట్టి, పక్కన పెట్టింది. ఎందుకమ్మా అంటే మాట్లాడలేదు.

ఆదివారం వాళ్ళు వెళుతుంటే ఆ జాడీ తెచ్చి, కొంగుతో తుడిచి, బావమరిది చేతిలో పెట్టింది. "మీ కోసం ప్రత్యేకంగా తీసిపెట్టాను నాయనా" అంది.

నిన్న ఫోన్ చేశాడు. ఈ ఏడు ఆవకాయ అద్భుతంగా కుదిరిందట.