మహారాజశ్రీ రేడియేటర్ గారికి

మహారాజశ్రీ రేడియేటర్ గారి సముఖానికి,

ముందు బంపర్ వెనక తమరు చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నా కారులో, సీటు వెనకే ఉన్న ఇంజిన్ మాత్రం క్షేమంగా లేదు. నిన్న మధ్యాహ్నం అలిపిరి చెకింగ్ క్యూలో పొంగిపోయింది. పక్క జీపులోంచి ఒకాయన తల బయటపెట్టి, "ఏం సామీ, జలుబు చేసిందా? ఆవిరి పడతా ఉంది!" అన్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో పొంగినా కొంత గౌరవం దక్కేది. కొండ ఇంకా ఎక్కనే లేదు.

తమరి ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఇంజిన్ మధ్యలో ఉంటే బరువు కుదురుతుంది, మలుపులో బండి మాట వింటుంది. ఎదురుగాలి తగిలేది ముందు కాబట్టి తమరిని అక్కడ కూర్చోబెట్టారు. వేడి నీళ్లు నా సీటు కింది పైపుల్లో అంత దూరం వచ్చి, చల్లారి, మళ్లీ వెనక్కి పోవాలి. మధ్యలో గాలి బుడగ చిక్కిందో, ఇక అంతే. టెంపరేచర్ ముల్లు సంగతి ఎత్తను. పొంగేదాకా మధ్యలోనే నిలబడి అంతా బాగుందంటుంది. వేడిని బట్టి నీళ్ల దారి తెరిచి మూసేది థర్మోస్టాట్. "అది పీకేద్దామన్నా" అనే మెకానిక్‌కు ఒక దండం.

నా బాధంతా ఎగ్జాస్ట్ గురించే. ఇంజిన్ పొగను పోగుచేసే గొట్టం, అదే మానిఫోల్డ్, ఇంజిన్‌కూ నా వీపుకూ మధ్య ఇరుక్కుంది, దాని కిందే ఆ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. గట్టిగా తొక్కితే లోపలి పొగ 800 డిగ్రీలు దాటుతుంది. చంద్రగిరి వైపు హైవేలో పర్వాలేదు, పక్క కన్నాల్లో దూరిన గాలి వెనక మూత చీలికల్లోంచి ఆ వేడిని లాక్కుపోతుంది. క్యూలో ఆ గాలి ఏది? ఫ్యాన్ తమరి దగ్గర, మంట నా దగ్గర.

గార్డు ఇంజిన్ ఆపి డిక్కీ తెరవమన్నాడు. వెనక మూత ఎత్తితే ఇంజిన్ కనబడి రెండడుగులు వెనక్కి వేశాడు. అసలు కథ అప్పుడే మొదలైంది. ఇంజిన్ ఆగితే వాటర్ పంపూ ఆగుతుంది. హైవేలో తొక్కుకొచ్చిన వేడి ఇనుములో అలాగే ఉంది, అదంతా కదలని నీళ్లలోకి దిగింది. నడిచినంతసేపూ ఓర్చుకున్నది, ఆపాక పొంగింది! అప్పుడు నువ్వేం చేస్తున్నావు? ముందు కూర్చుని బర్రుమని ఫ్యాన్ తిప్పుకుంటున్నావు. నీదాకా రాని నీళ్లకు నీకెందుకయ్యా ఆ గాలి? నా బ్యాటరీ తినడానికా?

మెక్‌లారెన్ ఎఫ్1 కారుకు ఇంజిన్ గదిలో బంగారు రేకు అతికించారు, వేడిని తిప్పికొడుతుందని. ఆనంద నిలయం బంగారు గోపురం ఉన్న కొండ కింద కాపురం, అయినా నా బండికి అల్యూమినియం రేకే రాసిపెట్టి ఉంది. అదీ ఒక మూల ఊడి గలగలమంటోంది.

మానిఫోల్డ్‌కు వేడి ఆపే పట్టీ చుట్టిస్తున్నా. ఇంజిన్ గదిలో ఇంకో ఫ్యాన్ పెట్టిస్తున్నా, తాళం తీశాక కూడా కాసేపు తిరిగేలా. ఆ పని అయ్యేదాకా నువ్వు షెడ్డులో పడుండు. ఈ శనివారం కొండకు ఆర్టీసీ బస్సులో పోతా.

ఇట్లు,
వీపు కాలినవాడు