పండగ ముంగిట మెడికల్ షాపు ట్యూబు

తిరుమలలో బ్రహ్మోత్సవాలు మొదలైనప్పటి నుంచి కార్తీకమాసపు పెళ్ళిళ్ళు ముగిసేదాకా తిరుపతిలో ప్రతి ఇంటికీ ఏదో ఒక వేడుక ఉంటుంది. ఆ రోజుల్లోనే ఒక మెడికల్ షాపు దగ్గర నా ముందు నిలబడిన ఇంటర్ వయసు అమ్మాయి, "అన్నా, పండగలోపల మొటిమలు పోవాల, ఏదన్నా మంచి క్రీమ్ ఇయ్యి" అని అడిగింది. డాక్టరు చీటీ ఊసే లేకుండా షాపతను తీసిచ్చిన ట్యూబు మీద చిన్న అక్షరాల్లో బీటామెథసోన్ అని ఉంది.

బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్ స్టెరాయిడ్లు. ఇవి వాపునూ ఎరుపునూ అణిచేస్తాయి కనుక రెండు మూడు రోజుల్లోనే ముఖం తేటపడినట్టు, కాస్త తెల్లబడినట్టు కూడా కనిపిస్తుంది. నమ్మకం కుదిరేది అక్కడే. వారాల తరబడి పూస్తే చర్మం పల్చబడి సన్నని ఎర్రటి రక్తనాళాలు పైకి తేలతాయి, ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. మానేస్తే మొటిమలు మునుపటికన్నా గుంపుగా లేస్తాయి, దాంతో భయపడి మళ్ళీ అదే ట్యూబు కొంటారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పింది. ఆ రోజు నేను చూసిన కౌంటరు దగ్గర ఆ నియమం జాడ లేదు.

అసలు చిక్కు కాలంతోనే వస్తుంది. మొటిమ పైకి కనబడటానికి వారాల ముందే చర్మరంధ్రంలో జిడ్డు, మృతకణాలు కలిసి పూడుకుపోతాయి. అందుకే సరైన మందులైన అడాపలీన్ 0.1 శాతం, బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం జెల్‌లు ఫలితం చూపడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. పైగా మొదటి వారాల్లో చర్మం పొడిబారి పొట్టు రేగుతుంది కాబట్టి, పండగ వారంలో మొదలుపెట్టినవారికి మంచి మందు కూడా శత్రువులాగే తోస్తుంది. దీపావళికి ముఖం తేటగా ఉండాలనుకునేవారు ఆషాఢ శ్రావణాల్లోనే రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికో, తమకు తెలిసిన చర్మవైద్యుల దగ్గరికో వెళ్ళాలి. గర్భిణులు అడాపలీన్ వాడకూడదు. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన చోట బట్ట రంగు వెలిసిపోతుంది. రాత్రి మెడకు రాసుకున్నది ఆరకముందే కొత్త పట్టు జాకెట్టు కొలత చూసుకుంటే కాలరు దగ్గర తెల్లటి మరక మిగులుతుంది.

ఇంటి అలవాట్లలో నాకు ముఖ్యంగా తోచేది తలంటు. నరకచతుర్దశి నాడు తలకు పట్టించిన నూనె నుదుటి మీదికి జారి అక్కడే నిలిస్తే నుదురంతా చిన్న చిన్న పొక్కులు వస్తాయి. దాన్ని వదిలించాలని సున్నిపిండితో గట్టిగా రుద్దితే ఉన్న మొటిమలు చిట్లుతాయి. తలంటు మానక్కర్లేదు, సున్నిపిండిని ఒంటికి ఉంచి ముఖాన్ని మెత్తటి ఫేస్‌వాష్‌తో కడుక్కుంటే చాలు. మేకప్ కూడా వేసుకోవచ్చు, కాకపోతే రంధ్రాలు పూడ్చని రకం ఎంచుకుని, రిసెప్షన్ నుంచి ఎంత రాత్రయి వచ్చినా కడిగాకే పడుకోవాలి. తీపి ఎక్కువగా తింటే కొందరికి మొటిమలు పెరుగుతాయి. ఆ సంగతి ఎవరికి వారు గమనించుకోవలసిందే.

ఇంత జాగ్రత్తపడినా పండగ ముందురోజు గడ్డంలాంటి చోట ఒకటి లేవచ్చు. అప్పుడు అద్దం ముందు నిలబడి గోళ్ళతో నొక్కకండి. మన చామనఛాయ చర్మంలో మొటిమ రెండు వారాల్లో మానినా, గిల్లిన చోట నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. దీపావళికి గిల్లిన మొటిమ సంక్రాంతి ఫోటోల్లోనూ కనిపిస్తుంది.